పొలం బేరానికి ముందు సర్జన్‌ను అడగండి

ప్రశ్న: మా ఆయనకు 47 ఏళ్లు. పత్తి మిల్లులో పని. 14 నెలల కిందట మెదడులో గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ తీశారు, మళ్లీ వచ్చింది. రెండో ఆపరేషన్‌కు ఆరు లక్షలంటున్నారు. స్నానం, భోజనం ఆయనే చేసుకుంటారు గానీ కుడిచేతి పట్టు తగ్గి చెక్కు మీద సంతకం కలవడం లేదు. ఉన్న రెండెకరాలు అమ్మేయమంటారా?
– ఒక సోదరి, ఆదోని

జవాబు: అమ్మా, ఈ వారం పొలం బేరం పెట్టకండి. అవసరంలో ఉన్నారని తెలిస్తే ధర తెగ్గోస్తారు.

ముందు సర్జన్ దగ్గర పది నిమిషాలు కూర్చోండి. ఈ జబ్బులో రెండో ఆపరేషన్ నయం చేయదు, కొందరికి మరికొంత కాలం ఇస్తుంది. ఇది రాయడం నాకూ కష్టంగానే ఉంది, కానీ ఇది తెలియకుండా డబ్బు నిర్ణయం తీసుకోకూడదు. గడ్డ ఎంతుంది, దాదాపు మొత్తం తీయగలరా, మాటనూ చేతినీ నడిపే భాగానికి ఎంత దగ్గర, తర్వాత కీమో తట్టుకోగలరా అని అడగండి. ఎంఆర్‌ఐలో కనిపించేది గడ్డేనా, రేడియేషన్ మిగిల్చిన మార్పా అన్నది కూడా అడగండి. వయసు తక్కువుండటం, మొదటి ఆపరేషన్ తర్వాత ఎక్కువ కాలానికి తిరగబెట్టడం మేలు చేసేవే. రోగి తన పనులు ఎంతవరకు చేసుకోగలరో చూసి డాక్టర్లు కర్నోఫ్‌స్కీ స్కోరు వేస్తారు. వందకు 70 అంటే పనికి వెళ్లలేకపోయినా తన పనులు తాను చేసుకోగలగడం. మీ ఆయన అక్కడే ఉన్నట్టున్నారు, అది మంచి సూచన.

సర్జన్ చేద్దామంటే ముందు ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో ఈ ఆపరేషన్ వర్తిస్తుందేమో కనుక్కోండి. ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టండి. జబ్బు కోసం పీఎఫ్ అడ్వాన్స్ ఉంది. ఇంకా చాలకపోతే బంగారం తాకట్టు, ఎల్‌ఐసీ పాలసీ ఉంటే దాని మీద లోను. పాలసీ సరెండర్ చేయకండి, ప్రీమియం ఆపకండి. ఆపరేషన్ తర్వాతి మందులు, స్కానింగులు, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులకు ఆరు నెలల డబ్బు పక్కన పెట్టాకే మిగతాది లెక్క వేయండి. అప్పుడూ సరిపోకపోతే ఒక ఎకరా, అదీ నిదానంగా.

సంతకం సంగతి మాత్రం వాయిదా వేయకండి. ఆపరేషన్ తేదీకి ముందే, ఆయన ఓపికగా ఉన్న ఉదయం బ్యాంకుకు తీసుకెళ్లి కొత్త సంతకం నమూనా ఇప్పించండి. అదీ కష్టమైతే వేలిముద్ర. ఖాతాలో మీ పేరు చేర్చి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్చండి. పీఎఫ్‌లో, పాలసీలో నామినీ ఎవరో చూడండి, పెళ్లికి ముందు రాసిన పేరే చాలా ఇళ్లలో ఉండిపోతుంది. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అనుకోకండి, ఆయన ఆలోచనాశక్తి దెబ్బతింటే అది చెల్లదు.