ఇంటి చుట్టూ పచ్చిక, 9,000 డాలర్ల మోవర్

ప్రశ్న: మేము అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో ఉంటాం. కిందటి ఆగస్టులో ఇల్లు కొన్నాం, స్థలం 2.75 ఎకరాలు. గడ్డి కోసే సర్వీసు వాళ్లు ఒక్కో కోతకి 150 డాలర్లు తీసుకుంటున్నారు. సొంతంగా జీరో టర్న్ మోవర్, అంటే మీద కూర్చుని రెండు లీవర్లతో నడిపే గడ్డి కోత బండి, కొందామనుకుంటున్నాం. డీలర్ దగ్గర చూసిన 60 అంగుళాల కమర్షియల్ మెషీన్ మా వారికి నచ్చింది. 9,000 డాలర్లు, 48 నెలల వాయిదాలు, వడ్డీ లేదు. నాకేమో పెద్ద స్టోర్‌లో 4,300కి ఉన్న 50 అంగుళాలది చాలనిపిస్తోంది. వాళ్ల కార్డు మీద 18 నెలలు వడ్డీ ఉండదట. బ్యాంకులో 14,000 ఉన్నాయి, నెల ఖర్చు 6,500. మా వారిది హెచ్-1బి వీసా, నేను హెచ్-4 ఈఏడీ అనే పని అనుమతి మీద ఉద్యోగం చేస్తున్నాను. పక్కిళ్లవాళ్ల గడ్డి కూడా కోస్తే మోవర్ ఖర్చు ట్యాక్స్‌లో చూపించుకోవచ్చని ఒక ఫ్రెండ్ అంది. మే నెలలో మామయ్యగారు ఆరు నెలలకు వస్తున్నారు. ఊళ్లో ట్రాక్టర్ నడిపిన మనిషి, కోత నేనే చూసుకుంటానంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: మోవర్ కొనండి. కానీ మీరు చెప్పిన రెండూ వద్దు. ఎందుకో చెప్తాను.

ముందు మీ స్థలం సంగతి. మీరు పంపిన కౌంటీ స్థల హద్దుల మ్యాప్ మీద గీతలు గీసి కొలిచాను. ఇల్లు, డ్రైవ్‌వే, పైన్ చెట్ల గుంపు, పాత షెడ్డు తీసేస్తే గడ్డి ఉన్నది 1.9 ఎకరాలే. అందులో వెనక వాగు వైపు దిగే పట్టీ ఒకటుంది, దాదాపు 20 సెంట్లు. ఫొటోలో చూస్తుంటేనే నాకు టెన్షన్ వచ్చింది. చాలా మోవర్ల మాన్యువల్స్‌లో 15 డిగ్రీలు దాటిన వాలు మీద నడపొద్దని ఉంటుంది. దాన్ని కొలవడం కష్టం కాదు. పది అడుగుల కర్ర ఒక కొస పై నేల మీద ఆనించి, లెవెల్‌గా పట్టుకోండి. రెండో కొస కింద నేలకి ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి చూడండి. 2 అడుగుల 8 అంగుళాలు దాటితే ఆ పట్టీ మీదికి ఏ రైడింగ్ మోవరూ ఎక్కించొద్దు. వానకి తడిసిన ఎర్రమట్టి వాలు మీద వెనక చక్రాలు పట్టు వదిలాయంటే, ఇక లీవర్లు ఎటు లాగినా బండి మాట వినదు, ముందున్నవి ఊరికే తిరిగే చిన్న చక్రాలు. ఆ కింద వాగు. అక్కడ గడ్డి కోయడం మానేసి పొదలు వేయండి, నేల కూడా కోసుకుపోకుండా ఉంటుంది.

అంటే మీరు కోయాల్సింది 1.7 ఎకరాలు. ఊళ్లో అంత నేలంటే ఒక పంట, ఇక్కడ వారం వారం కత్తిరించాల్సిన పచ్చిక. ఇంకో పావు ఎకరం బెండ, గోంగూర, సొరపాదులకి ఇచ్చేసినా నేను సంతోషిస్తాను. జార్జియా ఎండాకాలానికి గోంగూర ఏపుగా పెరుగుతుంది. కోత తగ్గితే ఖర్చు కూడా తగ్గుతుంది.

ఇప్పుడు ఎంత వెడల్పు కావాలో చూద్దాం. గంటకి ఎన్ని మైళ్ల వేగంతో నడుపుతారో దాన్ని డెక్ (బ్లేడ్లు ఉండే కింది భాగం) వెడల్పు అంగుళాలతో గుణించి 100తో భాగిస్తే, గంటకి ఎన్ని ఎకరాలు కోస్తుందో రమారమి తేలుతుంది. 50 అంగుళాల డెక్, 5 మైళ్ల వేగం అయితే రెండున్నర ఎకరాలు. మలుపులకీ, ఒక వరస మీద ఇంకో వరస కాస్త ఎక్కించి కోయడానికీ కొంత తీసేస్తే రెండు ఎకరాలు. మీకున్న చెట్లు, పూలమడులు చూస్తే కోతకి గంటా పావు పడుతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వారానికొకసారి అంటే 30 కోతలు. ఏడాదికి ఇంజిన్ నడిచేది 38 గంటలు.

ఈ 38 గంటల లెక్క మీ వారికి కూడా చూపించండి. కమర్షియల్ మెషీన్లు రోజంతా గడ్డి కోసి బతికేవాళ్ల కోసం చేసినవి, వేల గంటలు తట్టుకుంటాయి. మీ వాడకంలో 2,000 గంటలు పూర్తవడానికి యాభై ఏళ్లు దాటుతుంది. బెల్టులు, టైర్లు, బ్యాటరీ మాత్రం గంటలు చూసుకుని ఆగవు, ఎండకీ చలికీ ఏళ్లు గడిచేకొద్దీ పోతాయి. 60 అంగుళాలది వేగంగా కోస్తుందన్నది నిజమే, కానీ పైన్ చెట్ల మధ్య ఆ వేగం వాడే వీల్లేదు. కోతకి పది నిమిషాలు మిగిలితే ఏడాదికి 5 గంటలు. అమ్మేటప్పుడు దానికి మంచి ధర వస్తుందని ఒప్పుకుంటాను, అయినా 5 గంటల కోసం నాలుగు వేలకు పైగా ఎక్కువ పెట్టడం మీ పరిస్థితిలో సబబు కాదు. పైగా మీ వెనక గేటు 5 అడుగులే. పెట్టె మీద రాసే అంగుళాలు కోత వెడల్పు మాత్రమే, మొత్తం మెషీన్ వెడల్పు ఇంకా ఎక్కువ. గడ్డి బయటికి కొట్టే చ్యూట్‌తో కలిపి టేపు పెట్టి కొలవకుండా ఏదీ కొనొద్దు.

మరి మీరు చూసిన 4,300ది ఎందుకు వద్దంటున్నాను? జీరో టర్న్‌కి వెనక ఒక్కో చక్రానికి ఒక్కో హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ఒత్తిడితో చక్రానికి అందించే భాగం) ఉంటుంది. ఎడమ లీవర్ ఎడమ చక్రానికి, కుడి లీవర్ కుడి చక్రానికి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ నడిపితే బండి ఉన్నచోటే తిరుగుతుంది. మెషీన్‌లో ఖరీదైన భాగం ఇదే, తక్కువ ధర మోవర్లలో ఖర్చు తగ్గించేది కూడా చాలావరకు దీని మీదే. మీరు పంపిన స్పెసిఫికేషన్ కాగితంలో హైడ్రో-గేర్ ఈజెడ్‌టీ అని ఉంది. అది సీలు వేసి వచ్చే రకం, ఆయిల్ మార్చడానికి చేసింది కాదు. చదునైన అర ఎకరానికి పర్లేదు. మీలాగా ఎత్తుపల్లాలున్న చోట ప్రతి కోతకీ బరువు లాగి వేడెక్కే ట్రాన్స్‌మిషన్‌కి ఆయిల్, ఫిల్టర్ మార్చుకునే వీలుండాలి. అదే కంపెనీ జెడ్‌టీ-2800, అంతకు పై రకాల్లో ఆ వీలుంది. డెక్ కూడా ఒకే రేకుని అచ్చులో నొక్కి చేసింది కాకుండా, మందపాటి రేకులు వెల్డింగ్ చేసింది చూడండి. గేజ్ నంబర్ తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుందని గుర్తుంచుకోండి, ఇక్కడ చాలామంది తిరగేసి చదువుకుంటారు. ఈ రెండూ ఉన్న 50 నుంచి 54 అంగుళాల మెషీన్లు 5,000 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతాయి. ఏ బ్రాండ్ అన్నదాని కంటే ఇంటికి అరగంట దూరంలో బాగుచేసే డీలర్ ఉన్నాడా అన్నది ముఖ్యం. మే నెలలో బెల్టు తెగి రిపేరుకి మూడు వారాలు ఆగాల్సి వస్తే మళ్లీ సర్వీసు వాళ్లకి 450 డాలర్లు కట్టాలి.

ఇక డబ్బు లెక్క. మెషీన్ 5,000, సేల్స్ ట్యాక్స్ 7 శాతం అనుకుంటే 350. అంచులు కోసే ట్రిమ్మర్, బ్లోయర్, గ్యాస్ (పెట్రోలు) క్యాన్‌లకి 600. మొత్తం 5,950. గ్యాస్, ఆయిల్, ఫిల్టర్లు, బ్లేడ్లకి ఏటా 400 తీసి పెట్టండి. సర్వీసుకి ఇప్పుడు ఇచ్చేది సీజన్‌కి 4,500. అంటే ఏటా 4,100 మిగులుతుంది, పెట్టిన డబ్బు ఒకటిన్నర సీజన్‌లో తిరిగి వచ్చేస్తుంది. ఎనిమిదేళ్లు వాడి 1,200కి అమ్మారనుకుంటే అన్నీ కలిపి ఏడాది ఖర్చు 1,000 లోపే. ట్రిమ్మింగ్, ఊడ్పు కలుపుకుంటే మీ శ్రమ ఏడాదికి 60 గంటలు, మిగిలేది 3,500. గంటకి దాదాపు 58 డాలర్లు, అదీ ట్యాక్స్ కట్టక్కర్లేని డబ్బు. శనివారం పొద్దున్నే రెండు గంటలు ఎండలో ఉండటం మీ ఇద్దరిలో ఎవరికైనా ఇష్టమైతే కొనండి. ఇద్దరికీ ఇష్టం లేకపోతే మాత్రం కొన్న మూడో నెలకే మళ్లీ సర్వీసు వాళ్లు వస్తారు, అప్పుడు రెండు ఖర్చులూ కలిసి తడిసి మోపెడవుతాయి.

వాయిదాల దగ్గరే మీరు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాలి. రెండు చోట్లా "వడ్డీ లేదు" అన్నారు, రెండూ ఒకటి కాదు. స్టోర్ కార్డు కాగితం మీద "గడువులోగా మొత్తం కట్టేస్తే" అన్న మాట ఉంటుంది. అంటే వడ్డీ లేదని కాదు, పక్కన రాసి పెట్టుకుంటున్నారని. ట్యాక్స్‌తో 4,601 అవుతుంది. నెలకి 240 చొప్పున 18 నెలలు కట్టి, చివర్లో 281 మిగిల్చారనుకోండి. కార్డు వడ్డీ 30 శాతం అయితే కొన్న రోజు నుంచీ లెక్కేసి 1,100 డాలర్లకు పైగా ఒక్కసారే మీద పడుతుంది. ప్రతి నెలా బిల్లులో చూపించే కనీస మొత్తం కడుతూ పోతే గడువులోపు అప్పు తీరుతుందని కూడా లేదు. నా దగ్గరికి వచ్చే మన కుటుంబాల్లో ఫర్నిచర్‌కీ, టీవీకీ ఇదే దెబ్బ తిన్నవాళ్లని చూస్తూనే ఉన్నాను. ఒక్క బిల్లు కూడా మిస్ చేయని మనుషులు వాళ్లు.

డీలర్ ఇచ్చేది నిజమైన సున్నా వడ్డీ వాయిదా అయితే అది వేరు. దాన్ని 5,000 మెషీన్‌కి అడగండి. "ఇవాళే చెక్కు రాసిస్తే ధరెంత?" అని కూడా అడగండి. 250 తగ్గిస్తానంటే 48 నెలల మీద మీరు కడుతున్న అసలు వడ్డీ ఏడాదికి దాదాపు రెండున్నర శాతమే. ఫీజులేమీ లేవని, ముందే తీర్చేసినా పెనాల్టీ లేదని, ఒక నెల ఆలస్యమైతే ఏమవుతుందో కాగితం మీద చదివాకే సంతకం పెట్టండి.

మామూలుగా నేను ఇలాంటి వస్తువులు అప్పు మీద కొనమని చెప్పను. మీకు చెప్పడానికి కారణం ఆ 14,000. అది మీకు రెండు నెలల ఖర్చు మాత్రమే. మీ ఈఏడీ మీ వారి హెచ్-1బి మీద ఆధారపడి ఉంది. ఆయన ఉద్యోగం పోతే ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఆ స్టేటస్ నిలబడకపోతే మీ జీతం కూడా ఆగుతుంది. ఇంట్లో రెండు జీతాలున్నట్టు కనిపిస్తున్నా రెండూ ఒకే కొమ్మకి వేలాడుతున్నాయి. మీకు కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 39,000, విడిగా ఉండాలి. ఉన్న 14,000లోంచి ఇప్పుడు ఆరు వేలు తీస్తే అసలుకే ఎసరు. 5,350కి 48 నెలలంటే నెలకి 111. సీజన్‌లో సర్వీసుకి నెలకి 640 దాకా వెళ్తోంది. వాయిదా, గ్యాస్ ఖర్చు పోను నెలకి 470 మిగులుతుంది, అది మొదటి నెల నుంచే ఆటోమేటిక్‌గా సేవింగ్స్‌కి వెళ్లేలా పెట్టండి. డీలర్ ఒప్పుకోకపోతే చేతి డబ్బుతోనే కొని, మిగిలిన ప్రతి డాలరూ తిరిగి అక్కడికే చేర్చండి.

ట్యాక్స్ సలహా వదిలేయండి. హెచ్-1బి మీద ఉన్న మీ వారు డబ్బు తీసుకుని పక్కింటి గడ్డి కోస్తే అది అనుమతి లేని పని, స్టేటస్‌కే ముప్పు. మీకు ఈఏడీ ఉంది కాబట్టి చట్టం అడ్డు రాదు, కానీ డబ్బుకి కోయడం మొదలుపెడితే ఇంటి వాడకానికిచ్చే వారంటీ చాలా కంపెనీల్లో వర్తించదు, వేరే ఇన్సూరెన్స్ కూడా కావాలి. ఇంట్లోంచి పని చేస్తున్నాం కదా, లాన్ ఖర్చు చూపిద్దాం అనుకోవడానికీ లేదు. హోమ్ ఆఫీస్ మీద ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చే 587వ పుస్తకంలోనే లాన్ ఖర్చు లెక్కలోకి రాదని ఉంది.

చిన్న సంగతే కానీ డబ్బు పోయేది: నేను మొదటి ఏడాది చలికాలమంతా ట్యాంకులో గ్యాస్ అలాగే వదిలేశాను. మార్చిలో తాళం తిప్పితే స్టార్టర్ తిరిగింది కానీ ఇంజిన్ అందుకోలేదు. కార్బ్యురేటర్ విప్పితే అడుగున తేనెరంగు జిగురు. శుభ్రం చేయించడానికి 180 డాలర్లయింది. నవంబర్‌లో చివరి కోతకి ముందు గ్యాస్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కొన్ని డాలర్లది పోస్తే సరిపోయేది. బంకులో 88 అని రాసి ఉన్న పంపు కూడా ముట్టుకోవద్దు, అది 15 శాతం ఇథనాల్, ఈ ఇంజిన్లకి పనికిరాదు.

మామయ్యగారి విషయం. ట్రాక్టర్ నడిపిన అనుభవం మంచిదే, కానీ ఆ అలవాటే ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. ప్రమాదం అనిపించగానే ఆయన కాలు బ్రేకు కోసం వెతుకుతుంది. దీన్ని ఆపాలంటే చేతులతో లీవర్లు మధ్యకి తేవాలి. భయంతో గట్టిగా వెనక్కి లాగితే బండి ఆగదు, వెనక్కి దూకుతుంది. మొదటి వారం బ్లేడ్లు తిరగనివ్వకుండా, ఇంటి ముందున్న చదునులో నెమ్మదిగా తిప్పించండి. రోల్ బార్ (బండి బోల్తా పడితే కాపాడే కడ్డీ) ఉన్న మెషీన్ అయితే దాన్ని పైకి లేపి ఉంచి, సీటు బెల్టు పెట్టుకుని తీరాలి. వాగు వైపు పొదలు నాటేదాకా తాడు కట్టి ఉంచండి. ఆయన బయలుదేరే ముందే విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోండి, డిడక్టిబుల్, అంటే ముందుగా మీ చేతి నుంచి పెట్టుకోవాల్సిన మొత్తం, ఎంతో చూసుకోండి. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్క రౌండు కొట్టాలని ఆయనకి తప్పకుండా అనిపిస్తుంది. దానికి మాత్రం ఒప్పుకోవద్దు, ఎంత బతిమాలినా సరే. రైడింగ్ మోవర్ పదహారేళ్లు నిండేదాకా పిల్లలకి ఇవ్వొద్దని ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెప్తోంది, ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పడం ఏ వయసులోనూ వద్దు.

గేటు, వాలు కొలతలు రెండూ కాగితం మీద రాసుకుని ఈ శనివారం డీలర్ దగ్గరికి వెళ్లండి. మీ వారిని కూడా తీసుకెళ్లి, ఆ 60 అంగుళాలదాని పక్కనే 52 అంగుళాలది కూడా ఆయన్నే నడిపి చూడమనండి. డీలర్ ఇచ్చే వాయిదాల కాగితం సంతకం పెట్టకముందు ఫొటో తీసి నాకు పంపండి, చదివి చెప్తాను.