డబ్బుకి కటకటగా ఉంది, మూడు రివాల్వర్లలో ఏది అమ్మాలి?

మీరు రాసింది ఇదీ: టెక్సస్‌లో ఉంటున్నారు, ఉద్యోగం పోయి రెండు నెలలైంది, ఓ రెండు వేల డాలర్లు వెంటనే కావాలి. సేఫ్‌లో మూడున్నాయి. 1970ల నాటి కోల్ట్ పైథాన్, నాలుగంగుళాల బ్యారెల్ ఉన్న రూగర్ జీపీ100, చిన్న స్మిత్ అండ్ వెసన్ 642. చవకవి రెండూ అమ్మేసి పైథాన్ ఉంచుకుందామా అని అడిగారు.

వద్దండి. పైథాన్ అమ్మండి. మీరిప్పుడు అనుకుంటున్నదే నేను చేసి చేతులు కాల్చుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నాదీ మీలాంటి కథే. 2023 మొదట్లో డాలస్‌లో నా కాంట్రాక్టు అయిపోయింది. కొత్తది దొరకడానికి తొమ్మిది నెలలు పట్టింది. అప్పుడు నా దగ్గరా మూడే ఉండేవి. ఆరంగుళాల పైథాన్, స్మిత్ అండ్ వెసన్ వాళ్ళదే మోడల్ 19-3, ఒక 642. పైథాన్ అంటే మన ఇళ్ళల్లో పెళ్ళి పట్టుచీర లాంటిది. బీరువాలోంచి ఏడాదికోసారి తీసి, మడత మార్చి, మళ్ళీ లోపల పెట్టడమే. నాలుగేళ్ళలో దాంతో రెండు పెట్టెల తూటాలు కాల్చానేమో. కాల్చాలంటే భయం. పాత పైథాన్‌లో ట్రిగ్గర్ లాగినప్పుడు సిలిండర్‌ని (తూటాలుండే గుండ్రటి భాగాన్ని) కదలకుండా బిగబట్టే ఏర్పాటు చాలా సున్నితం. అది అరిగితే టైమింగ్ తప్పుతుంది, అంటే సిలిండర్ గది సరైన సమయానికి బ్యారెల్‌కి ఎదురుగా వచ్చి ఆగదు. దాన్ని సరిచేసే పనివాళ్ళు ఇప్పుడు చాలా తక్కువ మంది. ఆ భయంతో నేను దాన్ని కాల్చినదానికన్నా తుడిచింది ఎక్కువ.

మోడల్ 19 అలా కాదు. రెండు వారాలకోసారి శనివారం పొద్దున్నే రేంజ్‌కి పోయేది అదే. అమెరికా సరిహద్దు దళం బోర్డర్ పెట్రోల్‌లో పనిచేసిన బిల్ జోర్డన్ సలహా మీద 1955లో వచ్చిన తుపాకీ అది. .357 మాగ్నమ్ అనే జోరైన తూటా కాల్చగలిగినా రోజంతా నడుముకి పెట్టుకు తిరిగేంత బరువే ఉండాలన్నది ఆయన కోరిక. నేను ఎక్కువగా అంత జోరు లేని .38 స్పెషల్ తూటాలే వాడేవాణ్ణి. ఆ ఫ్రేములో బ్యారెల్ వెనక కొస అడుగుభాగం కొద్దిగా చెక్కేసి ఉంటుంది, తేలికపాటి 125 గ్రెయిన్ల మాగ్నమ్‌లు అదే పనిగా కాలిస్తే అక్కడ చీలుతుంది. మీ జీపీ100కి ఆ బెంగ లేదు. అది రోకలిబండ లాంటిది, ఏం పెట్టినా నోరెత్తదు.

సరే, నేనేం చేశాను? "పైథాన్ ధర పెరిగేదే కదా, అది ఆస్తి, చివరిదాకా ముట్టుకోకూడదు" అనుకున్నాను. ముందు 642 తీసుకెళ్ళాను. షాపువాడు 240 ఇచ్చాడు. తర్వాతి నెల మోడల్ 19 తీసుకెళ్తే 450 ఇచ్చాడు. మొత్తం 690. మా ఇంటి అద్దెలో సగం కూడా కాదు. ఇంకో రెండు నెలలకి పైథాన్‌ని కూడా అదే షాపు బల్ల మీద పెట్టాల్సొచ్చింది. కన్‌సైన్‌మెంట్ మీద, అంటే షాపులో పెట్టి అమ్ముడయ్యాక వాళ్ళ వాటా పోను డబ్బు తీసుకునే పద్ధతిలో, 2,400కి పోయింది, వాళ్ళ పదిహేను శాతం తీసేస్తే నా చేతికి 2,040 వచ్చాయి. మొదటి రోజే దాన్ని ఇచ్చేసి ఉంటే మిగతా రెండూ ఇంట్లోనే ఉండేవి. ఉద్యోగం వచ్చాక మళ్ళీ ఓ 19-3 వెతికాను. నా దానంత బాగున్నది తొమ్మిది వందలకి తక్కువ ఎక్కడా కనబడలేదు. 450కి ఇచ్చినదాన్ని తొమ్మిది వందలు పెట్టి కొనడానికి మనసొప్పక ఇప్పటికీ కొనలేదు.

దీని వెనక లెక్క చిన్నదే. షాపువాడు ప్రతి తుపాకీ మీదా తన లాభం చూసుకునే కొంటాడు. రెండు అమ్మితే ఆ కోత రెండుసార్లు. పైగా 642 లాంటివి కొత్తవే చవగ్గా దొరుకుతుంటే వాడిన దానికి ఎవరు ఎంతిస్తారు? అటు కొంపా మునుగుతుంది, ఇటు అవసరమూ తీరదు. అదే పైథాన్ అయితే ఒక్క దెబ్బకి మీ రెండు వేలూ వస్తాయి, ఎక్కువే రావచ్చు.

ధర పెరుగుతుందన్న ఆశ గురించి ఒక మాట. 2000ల్లో ఆపేసిన పైథాన్‌ని కోల్ట్ 2020లో లోపల మార్పులు చేసి, స్టెయిన్‌లెస్ స్టీలుతో మళ్ళీ తెచ్చింది. కాల్చుకోవడానికి పైథాన్ కావాలన్నవాళ్ళు ఇప్పుడు కొత్తదే కొంటున్నారు. పాతవాటిలో పెట్టె, కాగితాలు, అసలు గ్రిప్పులు, చెక్కుచెదరని బ్లూయింగ్ (ఉక్కు మీది నల్లటి నీలం పూత) ఉన్నవాటికే గిరాకీ నిలబడింది. మీదానికి ఇవన్నీ ఉంటే షాపువాడు నేరుగా కొంటానన్నా ఇవ్వకండి, కన్‌సైన్‌మెంట్ మీదే పెట్టండి. నెలా రెండు నెలలు ఆగాలి, అంతే. ఆగలేని పరిస్థితయితే రెండు మూడు షాపులు తిరిగి ధర అడగండి. ఒకే తుపాకీకి నాకు ఒక చోట 1,500, మైలు దూరంలో ఇంకోచోట 1,850 చెప్పారు.

అమ్మే ముందు దాన్ని మెరిపించాలని మాత్రం చూడకండి. బయట బ్లూయింగ్ పోయిందని మళ్ళీ వేయించారో, సగం విలువ అక్కడే పోయినట్టు. నూనె గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. టైమింగ్ మీరే చూసుకోవచ్చు. సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీ అని రెండుసార్లు చూడండి. మూసి, తుపాకీని గురి చేసినా ప్రమాదం లేని దిక్కుకి తిప్పి, బొటనవేలితో వెనకుండే సుత్తిని, అంటే హ్యామర్‌ని, మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి చేరేలోపే సిలిండర్ టక్కున లాక్ అవ్వాలి. ఆరు గదులకీ ఇలా చూడండి. ఏ ఒక్కదానికైనా ఆలస్యంగా పడితే కొనేవాడికి ముందే చెప్పేయండి, ఎలాగూ వాడు చూస్తాడు.

తాకట్టు పెడదామా అనే ఆలోచన మనవాళ్ళకి తప్పకుండా వస్తుంది, బంగారం అలవాటు కదా. నాకూ వచ్చింది. ఇక్కడి తాకట్టు కొట్లో అడిగితే మోడల్ 19 మీద మూడు వందలిస్తానన్నాడు, వడ్డీ నూటికి నెలకి పదిహేను. ఊళ్ళో మూడు రూపాయల వడ్డీ అంటేనే ముక్కున వేలేసుకుంటాం. ఇంకో సంగతి, విడిపించుకునేటప్పుడు మీ తుపాకీ మీకివ్వడానికి కూడా 4473 ఫారం (తుపాకీ కొనేటప్పుడు నింపే ప్రభుత్వ ఫారం) నింపించి, నేరచరిత్ర ఉందేమో చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. చట్టమే అంత.

ఇక మన వాట్సాప్ గ్రూపుల సంగతి. అమ్ముతున్నానని తెలియగానే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, షాపువాడికెందుకు, నాకివ్వు, వంద ఎక్కువిస్తా" అని. మంచివాడే. కానీ హెచ్-1బీ మీద ఉన్నాడు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి, కానీ అవి ఎవరికి వర్తిస్తాయో తేల్చే పని నాది కాదు, మీదీ కాదు. తెలిసి అమ్మితే అమ్మినవాడిదీ నేరమే. వాడి గ్రీన్‌కార్డు కూడా చిక్కుల్లో పడొచ్చు. నేను కుదరదన్నాను, ఓ రెండు నెలలు మాటల్లేవు, తర్వాత మామూలే. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకి ఈ చిక్కు లేదు. అయినా తెలిసినవాళ్ళకి అమ్మినా లైసెన్సున్న షాపు ద్వారానే బదిలీ చేయించండి. టెక్సస్‌లో ఇద్దరూ ఇక్కడివాళ్ళే అయితే చట్టం అది అడగదు. కానీ ముప్ఫై డాలర్లు పోతే పోయాయి, ఆ తుపాకీ రేపు ఎక్కడ తేలినా కాగితం మీద నా పేరు తర్వాత ఇంకో పేరు ఉంటుంది. వేరే రాష్ట్రం మనిషికైతే డీలర్ లేకుండా ఇవ్వనే కూడదు.

నా జవాబు మారే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, ఆ పైథాన్ మీ మావగారో ఎవరో పెద్దవాళ్ళు చేతిలో పెట్టినదైతే అది అమ్మకం లెక్కలోకే రాదు, అప్పుడు జీపీ100 అమ్మండి. అది ఇప్పటికీ తయారవుతోంది, ఉద్యోగం రాగానే అచ్చం అలాంటిదే కొనుక్కోవచ్చు. రెండు, అవసరం రెండు వేలు కాక ఐదారు వందలే అయితే ఏ తుపాకీ జోలికీ పోకండి. వాడని హోల్‌స్టర్లు, స్కోపు, వాడిన తూటాలు మళ్ళీ నింపుకునే రీలోడింగ్ సామాను, మిగిలిపోయిన ప్రైమర్లు (తూటా అడుగున నిప్పంటించే చిన్న బిళ్ళలు) ముందు తీయండి. నా గ్యారేజీలో దుమ్ము పట్టిన రీలోడింగ్ ప్రెస్సూ ప్రైమర్లూ కలిపి 642 కన్నా ఎక్కువ తెచ్చాయి. అదేదో ముందే తట్టి ఉంటే బాగుండేది.

642 మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చివరికే. దాన్ని కాల్చడం సరదా కాదు, పదిహేను ఔన్సుల బరువు, ఐదు తూటాలకే అరచెయ్యి మండిపోతుంది. కానీ ఇంట్లో ఇంకొకరు కూడా వాడగలిగేది అదొక్కటే అయి ఉంటుంది. మా ఇంట్లో అలాగే ఉండేది. దాన్ని అమ్మొచ్చిన రోజు మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ తర్వాత సేఫ్ తాళం తన దగ్గర పెట్టుకుంది, నాకు పని దొరికేదాకా ఇవ్వలేదు. ఎందుకని నేనడగలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టక హాల్లో తిరుగుతున్న మనిషిని తను చూస్తూనే ఉందిగా. మీ ఇంట్లో ఎవరైనా అలా అడిగితే, మారు మాట్లాడకుండా ఇచ్చేయండి.

మీ పైథాన్ బ్యారెల్ పొడవెంత, పెట్టె ఉందా, గ్రిప్పులు అసలువేనా, ఈ మూడూ రాయండి. సీరియల్ నంబరులో అక్షరం ఏదో, అది ముందుందా వెనకుందా చెప్తే ఏ కాలానిదో చూసి ఎంత అడగొచ్చో చెప్తాను. నంబరు మొత్తం మాత్రం ఇక్కడ పెట్టకండి.