ట్యూషన్ సెంటర్ వల్ల పిల్లలకు చదవడం వచ్చిందని దాతకు ఎలా చూపించాలి?

హాజరు పట్టీలు, ఫోటోలు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ అన్నీ ఇచ్చినా దాత "ఫలితం ఏది?" అంటున్నారని మీరు రాశారు. ఆయన అడిగింది న్యాయమే. ఆ సర్టిఫికెట్ డబ్బు దేనికి ఖర్చయిందో చెబుతుంది, పిల్లాడికి చదవడం వచ్చిందో లేదో చెప్పదు.

సెంటర్ తెరిచిన రెండు వారాల్లోపు బేస్‌లైన్ పరీక్ష, అంటే మొదట్లో పిల్లలు ఎక్కడున్నారో చూసే పరీక్ష, పెట్టండి. తర్వాత పెడితే అది బేస్‌లైన్ కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి పల్లె పిల్లల చదువుపై చేసే అసర్ సర్వేలో వాడుతున్న పద్ధతి చాలు: ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ముందు పేరా ఇవ్వాలి. చదివితే కథ, లేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. అక్షరాలు వరసలో చూపించకండి. అ ఆ ఇ ఈ గడగడా అప్పజెప్పే పిల్ల విడిగా 'ఘ' చూపిస్తే ఆగిపోతుంది. ఒత్తుల దగ్గర తడబాటును పక్కన రాసుకోండి, టీచర్‌కి పనికొచ్చేది అదే. ఏడాది చివర, మార్చిలో మళ్ళీ పరీక్ష పెట్టేటప్పుడు పేరా మార్చాలి. పాతదే ఇస్తే కంఠతా చెప్పేస్తారు, వేలు ఒక లైన్ మీద, నోరు ఇంకో లైన్ మీద ఉంటుంది. పరీక్ష పెట్టేది పక్క ఊరి వాలంటీర్ అయితే మంచిది.

అందరూ తప్పేది మానేసిన పిల్లల దగ్గర. జూన్‌లో 40 మందిలో 10 మంది పేరా చదివారనుకోండి. మార్చిలో మిగిలిన 28 మందిలో 14 మంది చదివారు. 25 శాతం నుంచి 50 శాతం, రెట్టింపు అని రిపోర్టు రాసేస్తారు. కానీ మానేసిన 12 మందీ జూన్‌లో చదవలేనివాళ్ళే అయితే, పెరిగింది నలుగురే. అందుకే ప్రతి పిల్లకీ ఒక నంబరిచ్చి, మానేసినవాళ్ళకి ఇంటికెళ్ళి అయినా పరీక్ష పెట్టాలి.

ఆ నలుగురూ మనవల్లే పెరిగారా? బడి కూడా నేర్పుతుంది కదా. సెంటర్ లేని, అలాంటివే రెండు ఊళ్ళలో అదే పరీక్ష పెట్టండి. అక్కడా నూటికి పదిమంది పెరిగితే, మీ 28 మందిలో సుమారు ముగ్గురు మీరు లేకపోయినా నేర్చుకునేవాళ్ళే; మీవల్ల పెరిగింది సుమారు ఒక్కరు. బాధగానే ఉంటుంది, అయినా దాతకు ఆ అంకే ఇవ్వండి.

పిల్లల చదువుకు ఇంట్లో పెట్టే ఖర్చు కూడా అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో బడులకు గ్రాంటిచ్చి చేసిన పరిశోధనలో మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని తెలిసిన తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు, లాభం నిలవలేదు. మీ సెంటర్ వచ్చాక వేరే ట్యూషన్ మానేసినవాళ్ళు ఎందరో ఒక గడిలో రాయించండి.

చివరగా, దాతకు పంపేముందు ఈ అంకెలన్నీ ఊళ్ళో తల్లిదండ్రుల ముందు చదివి వినిపించండి, ఫలితాలు పడిపోయిన సెంటర్‌వి కూడా. దొంగ హాజరు ఎక్కడుందో వాళ్ళే చెబుతారు.