బంతి పూయలేదని పీకేయకండి: మా ఇంట్లో ఈ శరదృతువు పనులు ఎంతవరకు వచ్చాయంటే

2025 ఆగస్టు 8న, వరలక్ష్మీ వ్రతం రోజున మీరు వేసిన బంతి విత్తనాలు నడుము ఎత్తు మొక్కలయ్యాయి గానీ సద్దుల బతుకమ్మ నాటికి ఒక్క పువ్వూ ఇవ్వలేదని రాశారు. కార్తిక పౌర్ణమికి మొదలుపెట్టిన వత్తులు సగంలో ఆగాయని, ఉసిరికాయలు కొని నాలుగు రోజులైనా పచ్చడికి చేతులు రావడం లేదని అన్నారు. బంతి పీకేసి ఆ కుండీల్లో పాలకూర వేయమంటారా అని అడుగుతూ, ఇలాంటి పనులు పెట్టుకున్నవాళ్లు ఎక్కడిదాకా వచ్చారో చెప్పమన్నారు.

బంతి పీకేయకండి. ముందు ఆ మాట గట్టిగా చెప్పాలనిపించింది.

మీ లెక్క ఒకసారి వేసి చూడండి. ఆగస్టు 8 నుంచి సద్దుల బతుకమ్మ జరిగిన సెప్టెంబర్ 30 వరకు 53 రోజులే. పొడుగు రకం బంతికి విత్తనం నుంచి పువ్వు దాకా రెండు నెలలు దాటుతుంది, కొన తుంచితే ఇంకో రెండు వారాలు. అంటే పండగకు పూయకపోవడం మొక్క తప్పు కాదు, మీ చేతి తప్పూ కాదు. తేదీ దగ్గర వచ్చిన తేడా అది. కానీ ఈ రోజుకు, అంటే అక్టోబర్ 27కు, 80 రోజులు నిండాయి కదా, ఇప్పటికైనా మొగ్గ కనిపించాలి. కనిపించలేదంటే రెండు కారణాలే ఎక్కువగా ఉంటాయి: ఎరువు ఎక్కువైంది, లేదా ఎండ తక్కువైంది.

ఇది నేను పడి తెలుసుకున్నది. 2023లో మా మేడ మీద పది కుండీల్లో బంతి వేశాను. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు వారం వారం పోశాను. ఆకులు నల్లపచ్చగా, కాడలు వేలి లావున వచ్చాయి. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. పువ్వు మాత్రం దీపావళి దాటాక వచ్చింది, అదీ కుండీకి రెండో మూడో. చెక్కలో నత్రజని ఎక్కువ, అది ఆకుకే పోతుంది. పైగా ఆ కుండీలు నీళ్ల ట్యాంకు పక్కన ఉండేవి, మధ్యాహ్నం రెండు దాటితే నీడ. ఆ ఏడు బతుకమ్మకు మోండా మార్కెట్‌లో పూలు కొనుక్కుని వస్తుంటే ఏడుపు వచ్చింది.

అందుకే మీరు రేపు పొద్దున ఒక పని చేయండి. మొక్క కొన దగ్గర పై ఆకులను వేళ్లతో మెల్లగా విడదీసి చూడండి. మధ్యలో చొక్కా గుండీలాగా గట్టిగా, గుండ్రంగా, ఆకుపచ్చగా ఏదైనా తగిలితే అది మొగ్గే. ఆ మొక్కను ఇక ముట్టుకోవద్దు. మెత్తగా ఆకు మీద ఆకు మడతలే ఉంటే ఆ కొనను రెండు గణుపుల కిందికి తుంచేయండి, పక్క కొమ్మలు వస్తాయి. చెక్క నీళ్లు, వర్మీకంపోస్టు పూర్తిగా ఆపండి. గుప్పెడు కట్టెల బూడిద మట్టిలో కలపండి. కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోటికి కుండీ జరపండి. పగటి పొద్దు తగ్గుతున్న కాలం ఇది, పొడుగు బంతికి పూతకు అనువైన కాలం. బతుకమ్మకు కాకపోయినా కార్తికం చివరి రోజులకు, ఆ తర్వాత సంక్రాంతి గుమ్మానికి మీ పూలే ఉంటాయి. పాలకూర వేయాలని ఉంటే పగిలిన బక్కెట్టులోనైనా వేయవచ్చు, జానెడు లోతు మట్టి చాలు దానికి.

ఈ ఏడు నేను జూలై 12న నారు పోశాను. పండగకు 80 రోజుల ముందు అన్నమాట. నలభై రోజుల మొక్కల కొనలు తుంచాను. పద్నాలుగు కుండీల్లో పదకొండు ఎంగిలిపూల బతుకమ్మ తర్వాతి వారంలోనే విచ్చాయి. తంగేడు, గునుగు మాత్రం కొన్నవే. నేను పుట్టింది వరంగల్ దగ్గరి పల్లెలో. అక్కడ గునుగు జొన్నచేలో కలుపు మొక్క, ఎంత కావాలంటే అంత కోసుకొచ్చేవాళ్లం.

గునుగుకు రంగు అద్దడం ఈసారి మా చిన్నదానికి నేర్పించాను. తెల్లటి కంకులన్నీ ఒక వరుసకు వచ్చేలా సర్ది, కాడలను దారంతో కట్టి, కిందిభాగం సమంగా కోయాలి. వెడల్పాటి గిన్నెలో రంగునీళ్లు రెండు వేళ్ల లోతే పోయాలి. కట్టను తలకిందులుగా ముంచి, మూడు లెక్కపెట్టి తీసి, ఒక్కసారి దులపాలి. ముంచి ఉంచేస్తే కంకి బరువెక్కి వంగిపోతుంది, తాంబాళంలో వరుస నిలవదు. దులిపినప్పుడు దాని గౌను మీద గులాబీ చుక్కలు పడ్డాయి. అవి ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఆ గౌనే మళ్లీ ఏడాది పండగకు వేసుకుంటానంటోంది.

వత్తుల సంగతికి వస్తే, మీకూ నాకూ ఒకటే పౌర్ణమి, నవంబర్ 5. దీపావళి మర్నాటి నుంచి లెక్కేస్తే పదిహేను రోజులు, రోజుకు పాతిక చేస్తే 365 దాటుతాయి. నావి ఈ రాత్రికి 160 అయ్యాయి. ఇంకా 205 కావాలి, ఎనిమిది సాయంత్రాలు ఉన్నాయి, పూటకు 26 చొప్పున సరిపోతుంది. మీరు సగంలో ఉన్నారంటే నాకన్నా ముందే ఉన్నారు. వేళ్లు జారుతున్నాయని రాశారు కదా, కాస్త విభూతి రెండు వేళ్లకు రాసుకోండి, పత్తి పట్టు చిక్కుతుంది. ముందుగా పత్తిని విడదీసి పొగలాగా పల్చగా చేసుకోవాలి. ఉండలు ఉండలుగా ఉన్న పత్తితో చేసిన వత్తి నూనె సరిగా పీల్చదు, మధ్యలో కొండెక్కుతుంది.

ఇక ఉసిరి. నాలుగు రోజులు ఆగితే ఏమీ కాదు, కాయ గట్టిగా ఉంటే చాలు. మా అత్తగారిది తూర్పు గోదావరి, నేను చేసేది ఆవిడ పద్ధతి. కాయలు కడిగి, ఒక్కొక్కటీ పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పూటంతా ఆరబెడతాం. కాడ ఊడిన చోట గుంటలో నీటి చుక్క దాక్కుంటుంది, గుడ్డ కొనను మెలిపెట్టి అక్కడ తుడవాలి. నిరుడు ఆ గుంటలు తుడవకుండా తొందరపడ్డాను. ఇరవై రోజులకల్లా జాడీ పైన తెల్లటి బూజు కట్టి రెండు కిలోల పచ్చడి పారబోయాల్సి వచ్చింది. ఆరాక రోట్లో కచ్చాపచ్చాగా దంచి, కిలోకు 200 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల పసుపు కలిపి జాడీలో పెడతాం. మూడో రోజుకు గింజలు కండ నుంచి వదులుతాయి, తేలికగా ఏరేయవచ్చు. అప్పుడు మెత్తగా రుబ్బి మళ్లీ జాడీకి ఎత్తడమే. ఇనుప గరిటె తగలనివ్వకండి, తొక్కు నల్లబడుతుంది. కారం ఇప్పుడే కలపం. కావలసినప్పుడు కొంచెం తీసి, ఎండుమిర్చి, మెంతులు, ఆవాలు, ఇంగువ వేయించి నూరి కలుపుకుంటాం.

శుక్రవారం దంచాను కాబట్టి లెక్కకు నిన్ననే గింజలు తీయాలి. కానీ నిన్న ఆదివారం, ఆదివారం ఉసిరి ముట్టుకోవద్దని అత్తయ్య ఆపారు. ఈ పొద్దున మూత తీస్తే పైకి రెండు వేళ్ల మందాన పసుపు ఊట తేలి ఉంది. ఆ ఊటను పారబోయకండి, రుబ్బేటప్పుడు అదే పోయాలి.

చిక్కుడు గురించి ఒక్క మాట. ఆషాఢంలో పెట్టిన పాదు మూడు నెలలు ఆకులే వేసింది, ఈ వారమే ఊదా రంగు పూత గెలలు బయటికొచ్చాయి. మన నాటు చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది, తొందరపెట్టినా లాభం లేదు. లేత కొనలకు పేనుబంక పట్టింది, రోజూ పొద్దున పైపుతో నీళ్లు కొట్టి కడుగుతున్నాను, ప్రస్తుతానికి అదుపులో ఉంది.

వచ్చే ఏడాదికి మాత్రం తేదీ ఇప్పుడే కేలండర్‌లో రాసుకోండి. 2026లో అధిక జ్యేష్ఠం వస్తోంది కనుక దసరా అక్టోబర్ 20న పడుతోంది. ఈ ఏడు కంటే 18 రోజులు ఆలస్యం. అలవాటు కొద్దీ జూలై మొదట్లోనే బంతి వేస్తే పండగకు ముందే పూసి వాడిపోతుంది. నేను జూలై ఆఖరి వారంలో నారు పోస్తాను. మీరు మళ్లీ వరలక్ష్మీ వ్రతం దాకా ఆగవద్దు, వచ్చే ఏడు అది ఆగస్టు చివరికి పోతుంది.

రేపు కొన విడదీసి చూశాక గుండీ తగిలిందో లేదో రాయండి. మీ కుండీలకు ఎండ ఎన్ని గంటలు ఉంటుందో కూడా చెబితే ఏ కొమ్మ దాకా తుంచాలో చెబుతాను.