సోంపేట వైపు వాడుకోవడానికి సెకండ్ హ్యాండ్ మారుతిల్లో ఏది తీసుకోవచ్చు?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది: ఉద్యోగం సోంపేటలో, ఇంట్లో పెద్దవాళ్ళతో కలిపి అయిదుగురు, రోజూ తిరుగుడు తక్కువ, నెలకోసారి విజయనగరం అత్తవారింటికి. 4 లక్షల లోపు మారుతి బండి కావాలి. పెట్రోలా డీజిలా, ఏ మోడల్, ఏ సంవత్సరం అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 2019 జూలై తర్వాత తయారైన పెట్రోల్ వ్యాగనార్, మాన్యువల్ గేర్లది, ఒకే ఓనర్ చేతిలో ఉన్నది దొరికితే అది తీసుకోండి. దొరక్కపోతే పెట్రోల్ డిజైర్ చూడండి. మీ వాడకానికి డీజిల్ వద్దు. అయితే మన శ్రీకాకుళం జిల్లాలో మోడల్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అది బండి అడుగు భాగం. మారుతి ఇంజన్ మోసం చేయడం అరుదు. సముద్రపు గాలికి తుప్పు పట్టిన బండి మాత్రం కొన్నవాడిని తప్పకుండా ముంచుతుంది.

మా అమ్మవాళ్ళది సంతబొమ్మాళి మండలం, నౌపడ ఉప్పు మడులకు దగ్గర. మేనమామకు ఒక ఓమ్నీ ఉండేది. ఏళ్ళ తరబడి ఆరుబయటే, ఉప్పుగాలి కొట్టే చోట నిలబెట్టేవారు. ఇంజన్ ఒక్క తాళానికే స్టార్టయ్యేది. నేల మాత్రం కాలు గట్టిగా పెడితే కిందికి దిగిపోయేలా తయారైంది. అదే వయసున్న బండ్లు పాలకొండ, రాజాం వైపు ఇప్పటికీ గట్టిగా తిరుగుతున్నాయి. అప్పటినుంచి మా చుట్టాల్లో ఎవరు పాత బండి కొంటున్నా నన్ను తోడు రమ్మంటారు, నేను వెళ్ళగానే చూసేది బానెట్ కింద కాదు, బండి కింద.

కాబట్టి కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి తీరం ఊళ్ళ బండి ఎంత తళతళలాడినా తొందరపడకండి. వీలైతే విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం లాంటి లోపలి ఊళ్ళలో వాడిన బండి వెతకండి. నచ్చాక దాన్ని సర్వీసింగ్ చేసే చోటుకి తీసుకెళ్ళి లిఫ్ట్ ఎక్కించమనండి. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే అక్కడితో బేరం వదిలేయండి. పైకి లేపాక టైర్ల పైన ఉండే లోపలి రేకు, తలుపుల కింది అంచులు, జాకీ పెట్టే చోటు, సైలెన్సర్ పట్టీలు, బ్రేకు పైపులు చూడండి. పైపైన ఎర్రబారితే భయం లేదు. గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలుతుంటే అది వద్దు. కొత్తగా, దట్టంగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే అనుమానించాలి. అమ్మే ముందు తుప్పు కనిపించకుండా కొట్టే అలవాటు చాలామంది డీలర్లకు ఉంది. తర్వాత డిక్కీలో స్పేర్ టైరు తీసి, ఆ గుంటలో నీళ్ళు నిలిచిన మరక, మట్టి ఉన్నాయేమో చూడండి.

వరదలో మునిగిన బండి సంగతీ ఇక్కడే చెప్పాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్, ఇలా మన ఉత్తరాంధ్రకు తుపాన్లు వస్తూనే ఉన్నాయి. నీళ్ళు తాగిన బండి కడిగాక ఫొటోల్లో ఎంతో బాగుంటుంది. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. చివర్లో మట్టి చార కనిపిస్తే ఇంక మాట్లాడాల్సిన పనిలేదు. కాళ్ళ కింద కార్పెట్ ఎత్తి వాసన చూడండి, డ్యాష్‌బోర్డు కింద వైర్ల జాయింట్ల మీద పచ్చటి పూత ఉందేమో టార్చి వేసి చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర కూడా అడగండి.

ఇప్పుడు మోడళ్ళ సంగతి.

వ్యాగనార్ మీకు ఎందుకంటే, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు స్విఫ్ట్‌లోకి కిందికి దిగి కూర్చోవాలి, లేచేటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. వ్యాగనార్‌లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. 2019 జనవరిలో వచ్చిన మూడో తరం వ్యాగనార్ వెడల్పు పెరిగింది, డిక్కీ 341 లీటర్లు. 1 లీటరు ఇంజన్‌తో పాటు 1.2 లీటర్ల ఇంజన్ కూడా ఇచ్చారు. విజయనగరం దాకా అయిదుగురితో, ఏసీ వేసుకుని హైవే మీద వెళ్ళాలంటే 1.2 చాలా హాయి. 1 లీటరుది మూడు సిలిండర్లది, ఆగి ఉన్నప్పుడు కొంచెం వణుకుతుంది, అది జబ్బు కాదు. బలహీనత ఎక్కడంటే, బండి ఎత్తు ఎక్కువ, బరువు తక్కువ. నేషనల్ హైవే 16 మీద లారీ పక్కనుంచి దూసుకెళ్తే ఊగుతుంది. 80 దాటించి నడిపే అలవాటున్నవాళ్ళకు నేను చెప్పను.

ఈ బండికి ఒక రీకాల్ గుర్తుపెట్టుకోండి. 2020 జూలైలో మారుతి సుజుకీ పెట్రోల్ పంపు లోపం కారణంగా వ్యాగనార్, బాలెనో కలిపి 1,34,885 బండ్లను వెనక్కి పిలిచింది. వ్యాగనార్‌లో 2018 నవంబరు 15 నుంచి 2019 అక్టోబరు 15 దాకా తయారైన 1 లీటరు బండ్లు ఇందులో ఉన్నాయి. నేను చెప్పిన సంవత్సరం సరిగ్గా ఇందులోనే పడుతుంది కదా. అందుకే ఛాసిస్ నంబరు చెప్పి, ఆ పంపు పరీక్ష అయిందా లేదా అని షోరూమ్ సర్వీసులో అడిగి తెలుసుకోండి.

2019 జూలై అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఆ నెల 1వ తేదీ నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) అంతకు ముందే, అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి అయింది. పాత ఆల్టో, వ్యాగనార్ కింది వేరియంట్లలో ఇవేవీ ఉండవు. మారుతికి అసలు బలహీనత ఇదే, దీన్ని దాచకుండా చెప్పుకోవాలి. కార్లను గుద్దించి భద్రతకు స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2014లో ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800కు, స్విఫ్ట్‌కు సున్నా స్టార్లు వచ్చాయి. 2019లో వ్యాగనార్‌కు రెండు, 2023లో కఠినమైన కొత్త పద్ధతిలో ఒకటి. 2018లో బ్రెజాకు నాలుగు వచ్చాయి. 2024 చివర్లో వచ్చిన కొత్త డిజైర్ అయిదు తెచ్చుకుంది కానీ అది మన బడ్జెట్‌కు అందదు. ముందు సీటులో ఉన్న ఇద్దరికీ ఎయిర్‌బ్యాగ్ ఉన్న వేరియంట్ దొరికితే పది, పదిహేను వేలు ఎక్కువైనా అదే తీసుకోండి. వెనక కూర్చున్నవాళ్ళూ బెల్టు పెట్టుకోవాలి, మన దగ్గర ఎవరూ పెట్టుకోరు.

మన బడ్జెట్‌లో దొరికే స్విఫ్ట్, డిజైర్ పెట్రోల్ ఇంజన్ 1197 సీసీ, నాలుగు సిలిండర్లు, టైమింగ్ చైన్. వేళకు ఆయిల్ మారుస్తూ ఉంటే ఏళ్ళ తరబడి ఏమీ అడగదు, ఏ ఊరి మెకానిక్ అయినా కళ్ళు మూసుకుని విప్పగలడు. పలాసలోనో టెక్కలిలోనో సాయంత్రం ఆరుకి ఆగిపోయినా సామాను దొరుకుతుంది, ఇంకే కంపెనీ బండికైనా నేను ఈ మాట ధైర్యంగా చెప్పలేను. 2017 తర్వాతి డిజైర్ డిక్కీ 378 లీటర్లు, సంక్రాంతికి అత్తవారింటికి వెళ్ళేవాళ్ళకు అంత చోటు కావాలి. స్విఫ్ట్‌లో 268 మాత్రమే, పైగా వెనక సీటు ఇరుకు. యువకులు ఎక్కువగా నడిపిన బండి కావడంతో స్విఫ్ట్ సస్పెన్షన్, క్లచ్ బాగా అరిగి ఉంటాయి. గుంటల్లో నెమ్మదిగా దించి స్టీరింగ్ దగ్గర టకటక వస్తోందా అని వినండి. రెండో గేరులో ఎత్తు మీదకి ఎక్కించి చూడండి. ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ ఖర్చు బేరంలో తీసేయాలి.

డిజైర్‌లో పెద్ద ప్రమాదం టాక్సీ బండ్లు. మా బావకు విజయనగరంలో ఒక డీలర్ తెల్ల బోర్డుతో డీజిల్ డిజైర్ చూపించాడు, మీటరు 60 వేలు. డ్రైవర్ సీటు ఒకవైపు కుంగిపోయి ఉంది, పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయాయి, వెనక సీటు కవర్లు కొత్తవి. సర్వీసు చరిత్ర తీయిస్తే ఆ మీటరు చాన్నాళ్ళ కిందటే దాటిపోయింది, ఎయిర్‌పోర్టు ట్రిప్పులు తిరిగిన బండి. ఆర్‌సీ వివరాల్లో ముందు ట్రాన్స్‌పోర్టుగా ఉండి తర్వాత సొంత వాడకానికి మార్చారా అన్నది తప్పక చూడండి. ఎర్టిగాకు కూడా ఇదే జాగ్రత్త. ఏడుగురికి చోటుంటుంది, పెట్రోల్ 1.5 ఇంజన్ మంచిది, కానీ తక్కువ ధరకు దొరికే ఎర్టిగా దాదాపు ఎప్పుడూ అద్దెకు తిరిగినదే అయి ఉంటుంది.

డీజిల్ వద్దనడానికి కారణం చెబుతాను. మారుతిల్లో ఉన్న 1248 సీసీ డీజిల్ ఫియట్ నుంచి వచ్చినది. స్విఫ్ట్, డిజైర్‌లో 75 హార్స్‌పవర్, ఎర్టిగా, బ్రెజా, సియాజ్‌లో 90. మైలేజీ, లాగుడు బ్రహ్మాండం, సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు తరచూ వెళ్ళేవాళ్ళకు ఇంతకంటే హాయి లేదు. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలతో మారుతి డీజిల్ ఆపేసింది, కాబట్టి మీకు దొరికేదల్లా పాతదే. టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్ ఒక్కసారి రిపేరుకొస్తే పెట్రోల్ బండిలో కొన్నేళ్ళ సర్వీసు డబ్బు ఒకేసారి పోతుంది. రోజుకు నాలుగు కిలోమీటర్లు తిరిగి ఆపేసే వాడకానికి డీజిల్ సరిపోదు. వారానికి ఐదారు వందల కిలోమీటర్లు తిరిగేవాళ్ళైతే ఆలోచించండి.

మిగతావి క్లుప్తంగా. ఆల్టో 800 మెయింటెనెన్స్ అన్నిటికంటే చవక, కానీ అయిదుగురికి కుదరదు. దాని 796 సీసీ ఇంజన్‌కు చైన్ కాదు, టైమింగ్ బెల్ట్, మార్చారో లేదో బిల్లు చూడండి. సెలేరియో నమ్మకమైనదే, 2014లో మన దేశానికి ఏఎంటీ గేర్లు (క్లచ్ తొక్కకుండా వాటంతట అవే మారేవి) తెచ్చినది అదే. అయితే పాత ఏఎంటీ బండ్లలో గేరు మార్చే యాక్చుయేటర్, క్లచ్ ఖర్చు మాన్యువల్ కంటే ఎక్కువ, టెస్ట్ డ్రైవ్‌లో రైల్వే గేటు ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించి చూడకుండా తీసుకోవద్దు. సీఎన్‌జీ అయితే కంపెనీ ఫిట్టింగా, బయట వేయించినదా, ఆర్‌సీలో ఎక్కిందా అడగండి, సిలిండర్‌కు మూడేళ్ళకోసారి పరీక్ష చేయించాలి. ఈకో వ్యాపారానికి బాగుంటుంది, ఇంటికి వద్దు. ముందు సీట్ల కింద ఇంజన్ ఉండడంతో వేసవిలో వేడి తట్టుకోలేరు.

మీరు ఇచ్ఛాపురానికి దగ్గర కాబట్టి బరంపురం వైపు ఓడీ07 బండ్లు చవకగా చూపిస్తారు. తక్కువ ధర చూసి సంతోషించే ముందు అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం), మన దగ్గర మళ్ళీ కట్టే లైఫ్ ట్యాక్స్, రీరిజిస్ట్రేషన్ తిరుగుడు లెక్క వేసుకోండి. ఆ తేడా చాలావరకు అక్కడే తీరిపోతుంది. మన బండ్లలోనూ ఏపీ30 అంటే శ్రీకాకుళం, ఏపీ35 అంటే విజయనగరం అని నంబరు చూసి గుర్తుపట్టే రోజులు పోయాయి. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ39తో మొదలైంది, కాబట్టి బండి ఏ ఊళ్ళో ఆరుబయట ఎండావానలకు నిలబడిందో ఓనర్ ఇంటికి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. నేనైతే తప్పకుండా వెళ్తాను. షెడ్డు ఉందా, ఇంటి గేట్లు తుప్పు పట్టి ఉన్నాయా అన్నది చూస్తే చాలు.

లోను ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఆర్‌సీలో లోను తీసేయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదురుగానే తీసుకోండి. ఇన్సూరెన్స్‌ను కొన్న 14 రోజుల్లోగా మీ పేరుకి మార్చమని అప్లై చేయండి, అడ్వాన్సు ఇచ్చే రోజే డీలర్‌కు చెప్పి ఆ తేదీ కాగితం మీద రాయించుకోండి.