కార్బన్ పేపరు కింద ఐదో కాపీ

చిరంజీవి బుజ్జికి చిక్కడపల్లి అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

మోకాళ్ళు తప్ప ఇక్కడ నేనంతా క్షేమం. నిన్న సాయంత్రం మీ నాన్న వచ్చాడు. పకోడీలు తింటూ నీ సంగతి చెప్పాడు. మన వాళ్ళందరినీ, మొత్తం అరవై ముగ్గురిని, ఒక్క గ్రూపులోకి తెచ్చి, వారమంతా ఎవరింట్లో ఏం జరిగిందో కనుక్కుని, ప్రతి ఆదివారం నువ్వే కబుర్లన్నీ కూర్చి రాస్తావట. విని ఎంత మురిసిపోయానో! వాడికి ఇంకో వాయి వేసి పెట్టాను. వాడు వెళ్ళాక మాత్రం రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఒకప్పుడు ఈ పని నాదే. మీ నాన్న నీకు చెప్పాడో లేదో, నేను ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే దూరపు ఊళ్ళకు ఫోన్లు కలిపే చోట, ఆపరేటర్‌ని. చెవులకు హెడ్‌ఫోన్, ముందు బోర్డు నిండా తీగలు. ఆర్డినరీ కాల్, అర్జెంట్ కాల్, లైట్నింగ్ కాల్ అని మూడు రకాలు ఉండేవి. లైట్నింగ్ బుక్ చేశారంటే చాలావరకు ఎవరో పోయినట్టే. మూడు నిమిషాలకు ఇంత అని రేటు. పాపం జనం అందులో ఒక నిమిషం "హలో, హలో, వినపడుతోందా" అనడానికే ఖర్చుపెట్టేవాళ్ళు. ఇంకో నిమిషం వానలు, పంటలు. మూడు నిమిషాలు అయిపోయాయని నేను చెప్పగానే, "నాన్న పోయాడురా" అనేవాళ్ళు. లైన్ కట్ అయ్యేది. అవతలివాడు ఇంకా "హలో, హలో" అంటూనే ఉండేవాడు.

అప్పుడు నేర్చుకున్నది ఒకటి చెబుతాను. కబురు చెప్పేటప్పుడు మొదటి వాక్యంలోనే ఎవరికి, ఏమైంది, ఇప్పుడెలా ఉంది అన్న మూడూ రావాలి. "అర్జెంటుగా ఫోన్ చెయ్" అని మెసేజ్ పెట్టి స్నానానికి వెళ్ళిపోయే అలవాటు మీ తరంలో అందరికీ ఉంది. అది చూసినవాడి గుండె ఆ పది నిమిషాలూ ఎక్కడ ఉంటుందో ఆలోచించారా? మా రోజుల్లో టెలిగ్రాంలో "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ" అని వస్తే, పోయాడని అర్థం చేసుకుని బయల్దేరేవాళ్ళం. నిజంగా సీరియస్‌గా ఉన్నా అలాగే ఇచ్చేవాళ్ళు. దారంతా ఏడుస్తూ వెళితే, ఆయన మంచం మీద కూర్చుని జావ తాగుతూ కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. 2013లో టెలిగ్రాంలు ఆపేశారని చదివి నేనేం బాధపడలేదు. "పెద్దనాన్న బాత్రూంలో జారారు, స్పృహలోనే ఉన్నారు, ఎక్స్‌రే తీశారు, తుంటి ఎముక బాగానే ఉంది" అని రాయి. ఇంత పొడుగు రాసినా మాటకింత అని ఇప్పుడెవరూ డబ్బులడగరు.

గ్రూపు ఎలా పెట్టాలో, ఫొటోలు ఎలా ఎక్కించాలో నీకు చెప్పేంతటిదాన్ని కాదు. గుడ్ మార్నింగ్ పూలు, ఎన్నికలు, కులం, ఎవరి రాంకు ఎంత అన్నవి వద్దని మొదటి రోజే చెప్పెయ్. కొత్త నంబరు నుంచి మనవాళ్ళలా డబ్బడిగితే పాత నంబరుకు ఫోన్ చేసి కనుక్కోమను. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. సంక్రాంతికి ఊరెళ్తూ స్టేషన్‌లో సెల్ఫీ పెట్టొద్దను, ఇంటికి తాళం వేశామని దండోరా వేసినట్టే అది. మనవాళ్ళే కదా అంటావు. ఆ ఫోన్లు ఎవరెవరి చేతుల్లో తిరుగుతాయో నీకేం తెలుసు?

సూర్యాపేట చిన్న తాతయ్యది బటన్ ఫోన్. ఆయన్ని మర్చిపోవద్దు. ఆదివారం రాసింది ఆయనకు ఫోన్‌లో చదివి వినిపించాలి. ఆయన ప్రతి పేరు దగ్గరా ఆపి "వాడెవరు, ఎవరి కొడుకు" అని అడుగుతాడు. అరగంట పడుతుంది. విసుక్కోకు.

ఇదివరకు ఉన్న గ్రూపు సంగతి నీకు గుర్తుందిగా. 2020 అక్టోబరులో ఆ వాన రాత్రి మా వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు. కరెంటు లేదు. ఫోన్‌లో చార్జింగ్ ఏ పద్దెనిమిది శాతమో ఉంది. గ్రూపు తెరిస్తే కొట్టుకుపోతున్న కార్ల వీడియోలు, ఏ చెరువు తెగిందో, ఏ ఊరిదో తెలియని వీడియోలు నలభై. వాటి కింద డాలస్ నుంచి మావాడు పెట్టిన "అమ్మా, ఎలా ఉన్నావు" అన్న ఒక్క లైను. దాన్ని మర్నాడు మధ్యాహ్నం చూశాను. అప్పటిదాకా వాడు అక్కడ అన్నం ముట్టలేదట. వీడియోలు పంపినవాళ్ళలో ఒక్కరైనా మా ఇంటికి వచ్చి చూసింది లేదు. సరే, ఆ కోపం ఇప్పుడెందుకు.

అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికి ముందు నిన్న రాత్రే మీ నానమ్మకు ఫోన్ చేసి అడిగాను. "రాయి వదినా, దానికి తెలియడమే మంచిది" అంది. అందుకే రాస్తున్నాను.

అది 1985. మేం ఐదు ఇళ్ళు. సూర్యాపేట, వరంగల్, ఖమ్మం, భిలాయి, ఇక్కడ విద్యానగర్‌లో మీ తాతయ్య ఇల్లు. క్షేమం రాయడానికి 15 పైసల కార్డు చాలు. నాకు మాత్రం అందరి కబుర్లూ అందరికీ చేర్చాలని తపన. నెలకోసారి డ్యూటీ అయ్యాక కూర్చుని, పల్చటి కాగితాల మధ్య కార్బన్ పేపర్లు పెట్టి, బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి ఒకే ఉత్తరం రాసేదాన్ని. పైన ఒకటి, కింద నాలుగు. ఐదు కవర్లు. చివరి కాపీ మబ్బులా ఉండేది, అక్షరాలు సగం ఊహించుకోవాలి. ఆ చివరిది ఎప్పుడూ విద్యానగర్‌కే. ఊళ్ళోనే ఉన్నారు, అర్థం కాకపోతే వచ్చి అడుగుతారులే అని.

ఒకరోజు నైట్ డ్యూటీ దిగి, బేగంబజార్‌లో ఎండుమిర్చి కొందామని అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగాను. స్టేట్ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద మా అన్నయ్య, అదే మీ తాతయ్య. పక్కన టిఫిన్ క్యారియర్. ఇస్త్రీ చొక్కా, జేబులో ఫ్యాక్టరీ పాస్. పదిన్నరకు ఆయన సనత్‌నగర్‌లో ఉండాలి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఏదో తప్పు చేసి దొరికినవాడిలా. "లాకౌట్ అమ్మా, రెండు నెలలైంది" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నేనూ ఇంకేం అడగలేదు. అడగాల్సిన ఒక్క మాట, "వదినకు తెలుసా?" అన్నది, నా నోటికే రాలేదు. తెలిసే ఉంటుంది అనుకున్నాను. మిరపకాయలు కొనుక్కుని ఇంటికి వచ్చేశాను.

ఆ నెల ఉత్తరంలో రాశాను. "పెద్దన్నయ్య ఫ్యాక్టరీ మూతపడి రెండు నెలలైంది. అడిగే మనిషి కాదు కనుక అడక్కుండానే తలా వంద పంపండి." విద్యానగర్ కాపీ తీసి చూస్తే సరిగ్గా ఆ పేరా మసకగా పడింది. వదినకు కనపడదేమో, మేమంతా వెనక ఉన్నామని తనకు తెలియాలి కదా అనుకుని, ఇంకు పెన్ను తీసుకుని ఆ నాలుగు లైన్లూ ఒక్కో అక్షరం దిద్దాను. ఉత్తరం మొత్తంలో ఆ పేరా ఒక్కటే నల్లగా, స్పష్టంగా కనిపించేలా, నా చేత్తోనే.

పగలంతా ఊరందరి గుట్టూ చెవిలో పడేది నాకు. ఎవరి అప్పులు, ఎవరి సంబంధాలు చెడ్డాయి, ఎవరు ఎవరితో ఏడ్చారు. ఒక్క మాట బయటికి పొక్కనిచ్చేదాన్ని కాదు, ఉద్యోగం అలాంటిది. అలాంటిదాన్ని సొంత అన్న గుట్టు ఐదు ఊళ్ళకు పంచాను.

మధ్యాహ్నం మూడింటికి ఉత్తరం వచ్చిందట. మా అమ్మ అప్పుడు వాళ్ళింట్లోనే ఉండేది. ఆమెకు చదువు రాదు, మీ నానమ్మ కిటికీ దగ్గర నిలబడి పైకి చదివి వినిపించేది. ఆ పేరా దగ్గరికి వచ్చేసరికి, గొంతు మారకుండా, భిలాయిలో చలి ఎక్కువగా ఉందని, పిల్లలకు స్వెట్టర్లు కొన్నారని అక్కడికక్కడే కల్పించి చదివేసింది. అమ్మకు ఆఖరిదాకా ఆ సంగతి తెలియలేదు. సాయంత్రం అన్నయ్య రోజూ వచ్చే వేళకే వచ్చాడు. మీ నానమ్మ ఏమీ అనలేదు. పొద్దున్నే మళ్ళీ క్యారియర్ కట్టింది. ఆయన మళ్ళీ బయల్దేరాడు. ఎనిమిది రోజులు అలా నడిచింది. తనకు తెలుసని ఆయనకు తెలియదు. నిన్న ఫోన్‌లో అంది, "కాంటీన్‌లో మజ్జిగ దొరుకుతుంది అనేవాడు కదా, దొరకదని తెలిశాక పై గిన్నెలో పెరుగన్నం కలిపి పెట్టేదాన్ని వదినా." ఇన్నేళ్ళలో ఆ మాట నాతో అనడం ఇదే మొదటిసారి. ఆయనకు అనుమానం రాలేదా అని అడిగాను. గిన్నె ఖాళీగా వచ్చేది, అంతే అంది.

తొమ్మిదో రోజు అన్నయ్యకు జ్వరం, ఇంట్లోనే ఉన్నాడు. పోస్ట్‌మాన్ తలుపు కొట్టాడు. వరంగల్ నుంచి వంద రూపాయల మనియార్డర్. కూపన్ మీద "ధైర్యంగా ఉండు అన్నయ్యా, చెల్లి అంతా రాసింది" అని ఉంది.

ఆ డబ్బు తీసుకోలేదు, తర్వాత వచ్చినవీ వాపసు పంపించాడు. నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. మూడు రాఖీ పున్నములు వెళ్ళాను. మూడుసార్లూ పని ఉందని బయటికి వెళ్ళిపోయాడు, రాఖీ దేవుడి పటానికి కట్టి వచ్చాను. నాలుగో ఏడు వెళితే మీ నాన్న తలుపు తీశాడు, అప్పటికే నాకంటే పొడుగయ్యాడు. అన్నయ్య కుర్చీలో పేపరు చదువుతున్నాడు. పేపరు దించకుండానే కుడి చేయి ఇలా చాపాడు. ఆ సంగతి ఆయన పోయేదాకా మా ఇద్దరి మధ్యా రాలేదు. కార్బన్ ఉత్తరాలు మాత్రం ఆ నెలతోనే ఆపేశాను.

నీ గ్రూపు ఆ కార్బన్ పేపరే బుజ్జీ. చివరి కాపీ కూడా మసక పడదు, అంతే తేడా. పెట్టినదాన్ని రెండు రోజుల్లోపు అందరికీ కనపడకుండా తీసెయ్యొచ్చని నువ్వే నాకు నేర్పావు. అరవై ముగ్గురిలో నలభై మంది మొదటి గంటలోనే చూసేస్తారు, ఇక తీసి ఏం లాభం. కాబట్టి కబురు రాగానే, అది ఎవరిదో వాళ్ళకు ఫోన్ చేసి "ఇది పెట్టనా" అని అడుగు. వాళ్ళు ఊ అన్నాక ఇంకో మాట కూడా అడుగు, "ఇంట్లో ఎవరికైనా ఇంకా చెప్పాల్సి ఉందా?" అని. నేను మెట్ల మీద అడగనిది అదే. కడుపుతో ఉన్న పిల్ల సంగతి ఆ పిల్లే చెప్పుకోవాలి, నెలలు లెక్కపెట్టి నువ్వు ఊహించకు. సంబంధాలు కుదిరేదాకా రాయకు. ఉద్యోగాలు పోయిన సంగతి అసలు రాయకు.

ఎవరైనా పోతే మాత్రం ఆదివారం దాకా ఆగడానికి లేదు. దాయాదులకు మైల ఉంటుంది, టికెట్లు దొరకాలి. అయినా ముందు కన్నబిడ్డలకు గొంతుతో చెప్పాలి, ఒక్కొక్కరికీ. వాళ్ళలో ఎవరైనా విమానంలో ఉంటే దిగేదాకా గ్రూపులో పెట్టొద్దు. ఫోన్ ఆన్ చెయ్యగానే దండం పెట్టే బొమ్మలు నలభై కనపడి, అప్పుడు వెనక్కి వెళ్ళి ఎవరు పోయారో వెతుక్కోవడం పగవాడికి కూడా వద్దు.

భయపెట్టానా? ఈ పని మానెయ్యమని కాదు. మీ తాతయ్యకు ఇలాంటివి ఇష్టం. నా ఉత్తరాలన్నీ, ఆ ఒక్కటీ కూడా, పెట్టెలో దాచాడు. ఆయన పోయాక మీ నానమ్మ చూపించింది. నువ్వు రాస్తే బాగుంటుంది. నీ అక్షరం నా అక్షరంలాగే కుడివైపు వాలుతుంది, ఫోన్‌లో అది కనపడదనుకో.

ఈ కవరు అంటించి మీ నాన్న చేతికిస్తున్నాను. ఫొటో తీసి గ్రూపులో పెట్టావో, చూడు మరి.

ఇక నీ మొదటి ఆదివారానికి నా కబురు ఒకటి. వచ్చే గురువారం నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్. పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తానట. డాలస్‌లో మావాడికి ఇంకా చెప్పలేదు, అనవసరంగా టెన్షన్ పడతాడని. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను, వాడికి అప్పుడు పొద్దున పదిన్నర, కాఫీ తాగి ఉంటాడు. నేను నీకు మిస్డ్ కాల్ ఇచ్చాకే రాయి.