తలకు దెబ్బ తగిలితే కడుపు ఖర్చు అడగకూడదా?

ప్రశ్న: మాది రణస్థలం దగ్గర పల్లె. మూడు నెలల క్రితం హైవే మీద లారీ గుద్ది మా ఆయన తలకు గట్టి దెబ్బ తగిలింది. శ్రీకాకుళం నుంచి విశాఖ తీసుకెళ్లాం. ఐసీయూలో ఐదో రోజు ముక్కు గొట్టంలో నల్లటి రక్తం వచ్చింది, విరేచనం తారులా అయింది. తర్వాత పొట్ట ఉబ్బి, గొట్టంలో పోసిన పాలు కూడా అరగలేదు. దాంతో మరో మూడు వారాలు ఆసుపత్రిలోనే. ఇన్సూరెన్స్ వాళ్లేమో కడుపు ఖర్చుకీ యాక్సిడెంట్‌కీ సంబంధం లేదు, ఆయనకు ముందే గ్యాస్ ట్రబుల్ ఉందంటున్నారు. ఆ డబ్బు రాదా?

జవాబు: అడగడానికి మీకు పూర్తి హక్కుందమ్మా. తలకూ కడుపుకూ సంబంధం లేదన్న మాట డాక్టర్ల ముందు నిలవదు. తలలో ఒత్తిడి పెరిగితే మెదడు నుంచి పొట్టకు వెళ్లే వేగస్ నరం రేగి పొట్టలో యాసిడ్ ఎక్కువగా ఊరుతుంది, పుండ్లు పడి రక్తం కారుతుంది. హార్వే కుషింగ్ అనే న్యూరోసర్జన్ 1932లోనే దీని గురించి రాశారు. వాటిని కుషింగ్ అల్సర్లంటారు. మెదడుకు పెద్ద దెబ్బ తగిలినవాళ్లకు పేగుల కదలిక మందగించడమూ తరచూ చూసేదే.

అయితే ఈ సంగతి ట్రిబ్యునల్‌లో, అంటే యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టులో, నేను చెబితే చాలదు, కాగితం చెప్పాలి. చాలామంది డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే పట్టుకొస్తారు. అందులో తల గాయం గురించి నాలుగు ముక్కలుంటాయి, కడుపు ఊసు ఒక్కోసారి ఉండదు. మీకు కావలసింది మొత్తం కేస్ షీటు: నర్సుల రోజువారీ నోట్సు, ఎండోస్కోపీ చేసి ఉంటే ఆ రిపోర్టు, ఎక్కించిన రక్తం లెక్క. రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన. అర్జీ కాపీ మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి.

చూసిన డాక్టరు సాక్ష్యం కూడా కావాలి. ఆయన శ్రీకాకుళం రాలేనంటే కమిషనర్‌ను, అంటే సాక్ష్యం రాసుకోవడానికి కోర్టు పంపే మనిషిని, వేయించి ఆసుపత్రిలోనే రికార్డు చేయించమని అడగవచ్చు. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు ఇలాంటి దారే చూపింది. పైగా ఇది క్రిమినల్ కేసు కాదు. ఏది ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందన్నదే ఇక్కడ చూస్తారు.

గ్యాస్ ట్రబుల్ సంగతి దాచకండి. మన వైపు అది లేని ఇల్లెక్కడుంది! ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం పడిందా, దానికోసం ఆసుపత్రిలో చేరారా అన్నదే అసలు ప్రశ్న. లేదంటే వాళ్ల వాదనలో పస తగ్గినట్టే. ఒకవేళ పాత పుండు ఉన్నా, దాన్ని ముదరబెట్టింది యాక్సిడెంటేనని వాదించవచ్చు.

ఆలస్యం మాత్రం వద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు ఆ చట్టం సెక్షన్ 166 కింద పిటిషన్ వేయాలి. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, విశాఖ తిరగక్కర్లేదు.

మీ ఆయనకు ఇంకా తెలివి పూర్తిగా రాకపోతే, ఆయన తరఫున మీరు నెక్స్ట్ ఫ్రెండ్‌గా వేయాలి. అలాంటప్పుడు రాజీకి కోర్టు అనుమతి ఉండాలి. ఈలోగా ఎవరైనా ఫుల్ సెటిల్‌మెంట్ అంటూ కాగితం తెస్తే, దాని మీద ఆయన వేలిముద్ర వేయించకండి.